పన్నెండు క్లిక్కులు

కారు ఎత్తు దించిన మర్నాడు పొద్దున మా గల్లీ పిల్లి ఎప్పటిలాగే దాని కింద దూరబోయి, నడుం తగిలి, వెనక్కి వచ్చి నా వంక చూసింది. నేను పిల్లినీ కారునూ కలిపి ఫొటో తీసి, ఫోన్‌లో కార్ల పిచ్చోళ్ళ గ్రూపు ఒకటి ఉండేది, అందులో పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. ఒకడు మాత్రం "కారు కూసున్నదా, పండుకున్నదా?" అని రాశాడు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా వాడితో కొట్లాడాను. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కోబోతే అమ్మ మీదా అరిచాను.

నాకప్పుడు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోయి, రోజంతా ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఒకటి చేస్తున్నాను. ఎల్బీ నగర్‌లో, మెయిన్ రోడ్డుకు వెనకపడ్డ కాలనీలో మా ఇల్లు. కారు నాన్నది. తెల్లరంగు చిన్న కారు, అప్పటికే పాతది. నాన్న సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. రోజూ అందులోనే పోయి వచ్చేవాడు, దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకునేవాడు. నల్లగొండ జిల్లాలో జీపు వెనక వేలాడుతూ బడికి పోయి చదువుకున్న మనిషి. కారులో ఒక్క సీటు ఖాళీగా ఉన్నా ఆయనకు మనసున పట్టేది కాదు.

ఆ ఏడాది తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. బస్సులు డిపోలు దాటలేదు. నాన్న పొద్దున్నే ఎల్బీ నగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చుని సాయంత్రానికి ఇంటికి వచ్చేవాడు. కారు గేటు లోపల ఊరికే నిలబడి ఉండేది. సమయం దొరికిందనుకున్నాను. నిజంగానే వెనక షాకబ్జర్ ఒకటి నూనె కారుతోంది. "షాకబ్జర్లు పోయినయ్ నాన్నా, మార్పిస్త" అన్నాను. నాన్న తలూపాడు. కొత్తవి ఎలాంటివో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక ఒక మెకానిక్ ఉండేవాడు. నేను తెచ్చుకున్న డబ్బాలు విప్పి చూసి నవ్వాడు. లోపల నాలుగు స్ప్రింగులు, మామూలు వాటికంటే పొట్టివి, గట్టివి. అవి వేస్తే బండి రెండంగుళాలు నేలకు దగ్గరవుతుంది. నాలుగు షాకబ్జర్లు, ఒక్కోదానికి చిన్న నాబ్. కుడికి తిప్పితే గట్టిగా, ఎడమకు తిప్పితే మెత్తగా అవుతుంది. ఒక్కో మెట్టుకు టక్కుమని చప్పుడు. మొత్తం పదహారు క్లిక్కులు.

"ఇంట్లోళ్ళు తిరుగుతరా దీంట్ల?" అని మెకానిక్ అడిగాడు.

"లేదన్నా, నేనొక్కన్నే."

"అయితే నీ ఇష్టం. నడుమల పెడ్తున్న. ఎనిమిది."

"నడుమల ఎందుకన్నా? ఫుల్ టైట్ పెట్టు."

"పండ్లు ఊడ్తయ్ రా బై."

"నా పండ్లే కదా!"

ఆ మాటకు నేనే గట్టిగా నవ్వాను. ఫుల్ టైట్ పెట్టించుకున్నాను. బయటికి వస్తుంటే చైతన్యపురి దగ్గర మలుపులో కారు కొంచెం కూడా ఒరగలేదు. పట్టాల మీద పోతున్నట్టు పోయింది. ఆ వీడియో ఒక చేత్తో తీశాను. పాత స్ప్రింగులూ షాకబ్జర్లూ తెచ్చి డాబా మీద నీళ్ళ ట్యాంకు కింద పడేశాను. రెండు రోజులకు బంద్‌లు వరసగా మొదలయ్యాయి. మెకానిక్ షటర్‌కు తాళం వేసి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు.

మా కింది పోర్షన్‌లో ఒక సార్ కిరాయికి ఉండేవారు. తెనాలి వైపు నుంచి వచ్చినవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. పొద్దున ఆరింటికి ఒక బ్యాచ్, రాత్రి ఏడింటికి ఒక బ్యాచ్, అంతా నిలబడి చేసే పని. ఆయనా, ఆంటీ మాత్రమే. నేను ఇంటర్‌లో ఉండగా రెండేళ్ళు ప్రతి ఆదివారం మెట్ల మీద కూర్చోబెట్టుకుని నాకు లెక్కలు చేయించారు. ఫీజు మాట ఎత్తితే నాన్న మీద కోప్పడేవారు. సమ్మెకు కాస్త ముందు ఆయనకు వెన్నుపూస దగ్గర డిస్క్ ఆపరేషన్ అయింది. ఇంట్లో పడుకోవాలి, పొద్దున సాయంత్రం పది నిమిషాలు నడవాలి, అంతే.

అలా నడుస్తూ ఒకరోజు కారు దగ్గర ఆగారు. డాక్టరు పెట్టిన నడుం బెల్టు మీద చొక్కా ఉబ్బి ఉంది. వంగలేరు కాబట్టి దూరం నుంచే చక్రాల వైపు చూస్తున్నారు.

"ఎంత దించావ్ బాబూ?"

"రెండంగుళాలు సార్."

"స్ప్రింగు గట్టిదేశావ్, సరే. మరి డాంపింగ్ సంగతేంటి?"

నేను ఉత్సాహంగా బానెట్ ఎత్తి నాబ్‌లు చూపించాను. ఆయన ముఖం చిన్నపిల్లాడిలా అయిపోయింది.

"పదహారు మెట్లా! అబ్బో. మా ల్యాబులో ఇదొక్కటుంటే చాలయ్యా. స్ప్రింగు దెబ్బ తీసుకుంటుంది, ఇది ఆ ఊపును మింగుతుంది అని బోర్డు మీద నెల్రోజులు చెప్తే అర్థం కానిది, ఒక్క పూటలో అర్థమయ్యేది." మళ్ళీ చక్రాల వైపు చూసి అన్నారు, "ఏమైనా, మన రోడ్లకి ఇంత గట్టిగా అంటే..."

"మన రోడ్లు ఏంది సార్?" అన్నాను. ఆ నెలలో నా నోటికి అదే వచ్చేది. గ్రూపుల్లో పొద్దస్తమానం అవే మాటలు. "మీ రోడ్లు బెజవాడల ఉన్నయ్. ఇవి మా రోడ్లు. ఎట్లున్నా మేం నడుపుకుంటం."

సార్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. "నిజవే" అన్నారు. చెయ్యి గోడకు ఆనించి మెల్లగా లోపలికి వెళ్ళారు.

పైనుంచి నాన్న విన్నాడు. "ఏందిరా ఆ మాట? కిందికి పోయి సార్‌కు సారీ చెప్పు!" అని అరిచాడు.

"నువ్వు రోజు టెంటు కింద కూసోని చెప్పేది ఏంది మరి? గదే కదా!"

"నేను చెప్పేది గది కాదురా గాడిదా."

నేను సారీ చెప్పలేదు. ఫోన్ పట్టుకుని డాబా మీదికి వెళ్ళాను.

సార్‌కు వారానికోసారి మలక్‌పేటలో డాక్టరు దగ్గరికి పోవాలి. ఆటోలు లేవు. అంబులెన్స్ పిలుద్దామని ఆంటీ అంటే "పడుకుని వెళ్ళను, కూర్చునే వెళ్తా" అన్నారట. నాన్న తన కారులో తీసుకుపోతానన్నాడు. అద్దం మీద 'జై తెలంగాణ' స్టిక్కర్ ఉంది కాబట్టి ఎవరూ ఆపరు. ఆ స్టిక్కర్ కింద కూర్చుంటూ సార్ "నన్ను కూడా ఉద్యమంలో కలిపేశారండీ" అన్నారని తర్వాత నాన్న చెప్పి చెప్పి నవ్వాడు. అది పోయేటప్పటి మాట. వచ్చాక నాన్న మెట్లు ఎక్కి సరాసరి నా గదిలోకి వచ్చాడు.

"ఏం బిగించినవ్‌రా దానికి? రాయి మీద కూసున్నట్టుంది. సార్ మొఖం సూడలేకపోయిన."

"కొత్తయి నాన్నా, జర గట్టిగుంటయ్."

"పాతయి ఎయ్యి."

"మెకానిక్ లేడు. షాపులన్నీ బంద్."

నాన్న మంచం మీద కూర్చున్నాడు. వచ్చే శుక్రవారం డాక్టరు అసలు పరీక్ష చేస్తాడట. నయమైతే సార్ మళ్ళీ నిలబడి పాఠం చెప్పుకోవచ్చు. కాలేజీవాళ్ళు బంద్‌లు అయిపోగానే క్లాసులు మొదలుపెడతామని, ఆ రోజుకు ఆయన రాకపోతే ఇంకో మనిషిని చూసుకుంటామని ఫోన్ చేశారట. ఆంటీ ఆ మాట చెబుతూ నాన్న ముందు ఏడ్చిందట.

"మెత్తగ చేసే ఉపాయం లేదా?" అన్నాడు నాన్న.

"ఉంది. నాబ్ తిప్పితే అయితది."

"అయితే గది చెయ్యి. శుక్రారం పోయేలోపల. మర్వకు."

"చేస్త."

గురువారం సాయంత్రం చినుకులు పడి ఆగాయి. గేటు దగ్గర బురద. ముందు రెండు నాబ్‌లు బానెట్ కిందే ఉంటాయి, నిలబడి తిప్పొచ్చు. వెనక రెంటికి మాత్రం చక్రం వెనక చెయ్యి దూర్చాలి, మోకాళ్ళ మీద కూర్చోవాలి. నేను తువ్వాలు తీసుకుని కిందికి దిగాను కూడా. అప్పుడే గ్రూపులో ఎవడో నా చక్రానికీ, దాని పైరేకుకూ మధ్య సందు ఇంకా ఎక్కువే ఉందని, అదేం దించడమని రాశాడు. కారు ముందు అరుగు మీద కూర్చుని వాడికి జవాబు రాయడం మొదలుపెట్టాను. కొలిచి ఫొటో పెట్టాను. వాడు ఇంకో మాట అన్నాడు. నేను ఇంకో ఫొటో పెట్టాను. అరుగు పక్కనే సార్ వాళ్ళ కిటికీ. లోపల ఆయన గొంతు వినిపించింది, ఆంటీతో ఏదో అంటున్నారు. ఇప్పుడు వంగి నాబ్ తిప్పితే, ఆయన కిటికీలోంచి చూస్తే, ఆ రోజు ఆయన చెప్పిందే కరెక్టని నేను ఒప్పుకున్నట్టు అవుతుందని నాకు అనిపించింది. బురద, ఫోన్, అన్నీ సాకులు. నాకు గుర్తున్న నిజం ఇది.

తువ్వాలు మడిచి పైకి వచ్చాను. నాన్న టీవీ ముందున్నాడు.

"తిప్పినవా?"

"ఆఁ, తిప్పిన."

ఫోన్‌లోంచి తలెత్తకుండా అన్నాను.

పొద్దున సార్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టాం. వీపు వెనక ఒక దిండు, నడుం కింద మడతపెట్టిన దుప్పటి. దిగేటప్పుడు పట్టుకోవడానికి నన్ను కూడా రమ్మన్నాడు నాన్న. వెనక కూర్చున్నాను. ఆంటీ గేటు దగ్గర నిలబడి "ఇవాళ బానే ఉంటుందిలెండి, అబ్బాయి మెత్తగా చేశాడట" అంది సార్‌తో. నాన్న చెప్పి ఉంటాడు.

కొత్తపేట దాకా మెయిన్ రోడ్డు మీద బాగానే వచ్చాం. అక్కడ ఉద్యమంవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వంటావార్పు పెట్టారు. రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గిన్నెలు, ఆడవాళ్ళు కూరగాయలు కోస్తున్నారు, డప్పు కొడుతున్నారు. నాన్నను గుర్తుపట్టి ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇటెటు? బండి పోదు. దిగు, జర కిచిడి తిందాం."

"సార్‌ను దవాఖానకు తీస్కపోతున్నన్నా. నడుం ఆపరేషన్ అయింది."

ఆయన వంగి సార్ వైపు చూశాడు. "నమస్తే సార్. పానం పైలం. గల్లీలల్లకెళ్ళి పోన్రి, మలక్‌పేట్‌కు ఎల్తది."

అలా గల్లీల్లోకి తిప్పాం. మా వైపు కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లు మున్సిపాలిటీ వేసేవి కావు. ఎవరింట్లో స్లాబు పడితే వాళ్ళు మిగిలిన కాంక్రీటు పారేయలేక ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా పోసేవాళ్ళు. ఆ గడ్డలు మెట్టులా నిటారుగా, వెడల్పు లేకుండా ఉండేవి. ఎన్ని ఇళ్ళు లేస్తే అన్ని.

మొదటి దాని దగ్గర నాన్న కారును దాదాపు ఆపి, ఏటవాలుగా పెట్టి, ఒక్కో చక్రం ఎక్కించాడు. అయినా కింద నుంచి గుద్దినట్టు వచ్చింది. సార్ ఎడమ చెయ్యి తలుపు పైనున్న హ్యాండిల్‌ను పట్టుకుని ఉంది. ఇంకో చెయ్యి సీటు మీద బిగించి, గడ్డ వచ్చే ముందు తన ఒంటిని తానే కొంచెం పైకి లేపుకుంటున్నారు. ఆ దెబ్బ చేతుల మీద పడాలని. వెనక నుంచి నాకు ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి.

ఆపు నాన్నా, ఒక్క ఐదు నిమిషాలు, అంటే చాలు. దిగి తిప్పేసేవాణ్ణి. తిప్పలేదని తెలిసిపోతుంది, అంతేగా. రెండో గడ్డ దగ్గర అందామనుకున్నాను. మూడో దాని దగ్గర నోరు తెరిచాను. నాలుగో దాని మీద కారు అడుగు గరగరమని గీసుకుంది. ఆ చప్పుడుకు అరుగు మీద కూర్చున్న ముసలాయన "బర్రె పండుకున్నట్టు ఉంది బండి" అన్నాడు. ఇంకో రోజైతే దిగి వాడితో తగువు పడేవాణ్ణి.

ఏడో దానికి సార్ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. నాన్న అద్దంలో నా వైపు చూశాడు.

"ఎంత తిప్పినవ్‌రా?"

"మొత్తం తిప్పిన నాన్నా."

"మొత్తమా?"

సార్ నాన్న భుజం మీద చెయ్యి వేశారు. "తిప్పాడండీ. పోయినసారికీ దీనికీ తేడా తెలుస్తోంది నాకు. కుర్రాణ్ణేం అనకండి. నా నడుమే బాలేదు."

పోయినసారికీ దీనికీ ఒక్క క్లిక్కు తేడా లేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి కారులో నేనొక్కణ్ణే. ఫోన్ తీసి చూసుకున్నాను. తెరమీద ఏముందో ఏమీ చదవలేదు, చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఇంకా ఎన్ని వచ్చాయో లెక్కపెట్టలేదు.

ఆసుపత్రి దగ్గర సార్ దిగడానికి చాలాసేపు పట్టింది. నా భుజం పట్టుకున్నారు. ఆయన అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. నాన్న ఆయన్ను లోపలికి తీసుకుపోయాడు. నేను కారును ఓ పక్కకు పెడతానని చెప్పి, గోడ వారగా ఆపి, బానెట్ ఎత్తాను. ముందు రెండూ ఎడమకు పన్నెండు క్లిక్కులు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని చక్రం వెనకకు చెయ్యి పెట్టాను. అక్కడ నిన్నటి బురద అలాగే ఉంది. టక్, టక్, టక్. రెండో చక్రానికి పోతూ చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాను. నాలుగింటికీ కలిపి ఆరు నిమిషాలు పట్టింది. ఫోన్‌లో టైం చూశాను కాబట్టి తెలుసు.

గంట తర్వాత నాన్న ఒక్కడే ముందుగా వచ్చాడు. కాగితాలు మడుస్తున్నాడు. "వాపు వచ్చిందంట. ఇంకా నెలన్నర మంచం మీదనే. అటెన్క సూద్దాం అన్నడు డాక్టర్." నా చొక్కా వంక చూసి "ఇదేంది?" అన్నాడు.

"జారిన నాన్నా."

తిరిగి వచ్చేటప్పుడు కూడా అవే గల్లీలు. మొదటి గడ్డ రాగానే సార్ అలవాటుగా హ్యాండిల్ పట్టుకుని, ఒళ్ళు బిగపట్టారు. కారు మెల్లగా లేచింది, మెల్లగా కుంగింది, ఇంకోసారి ఊగింది. అంతే. రెండో దానికి ఆయన చెయ్యి హ్యాండిల్ మీద ఉంది కానీ పట్టు లేదు. మూడో దానికి ఆ చెయ్యి దింపి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇప్పుడు జర మంచిగ పోతుంది" అన్నాడు నాన్న. "నేను బ్రేకర్ ఎక్కించుడు నేర్చుకున్న ఏమో సార్."

సార్ వెనక్కి తిరగలేరు. ఎండ రాకుండా అడ్డుపెట్టే పలక ఉంటుంది కదా ముందు సీటు పైన, దాన్ని కిందికి దింపారు. దాని వెనక చిన్న అద్దం. అందులో ఆయన కళ్ళు కనిపించాయి. నన్ను చూస్తున్నాయి. చొక్కాను చూశాయి. మళ్ళీ నన్ను చూశాయి.

"ఎన్ని క్లిక్కులు బాబూ?"

"ఏంది సార్?" అన్నాడు నాన్న.

"ఏం లేదండీ. వాణ్ణి లెక్క అడుగుతున్నా."

ఆ గల్లీ దాటాక చెప్పాను. "పన్నెండు సార్."

"ఊఁ" అన్నారు. పలకను పైకి మడిచేశారు. ఇంటికి వచ్చేదాకా నాన్నతో సమ్మె గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

రెండు రోజులు కిందికి దిగలేదు. ఆఫీసుకు పోవాలన్నా గేటు దాకా పరుగెత్తి పోయేవాణ్ణి. మూడో రోజు ధైర్యం చేసి వెళ్ళాను. ఆంటీ తలుపు తీసింది. "రా నాయనా. నీ వల్లేగా ఆయన ఆ మాత్రమన్నా వెళ్ళొచ్చారు. లేకపోతే ఇంకెలా ఉండేదో" అని కూర్చోబెట్టి, పళ్ళెంలో దిబ్బరొట్టె ముక్కా, ఆవకాయా పెట్టింది. అడుగు ఎర్రగా కాలి కరకరలాడుతోంది. వద్దనలేదు. సార్ మంచం మీద వెల్లకిలా పడుకుని, తల మాత్రం నా వైపు తిప్పి, నేను తింటుంటే చూస్తున్నారు. మొత్తం తిన్నాను. ఇంకో ముక్క వేస్తే అదీ తిన్నాను. ఆ రొట్టెను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఆంటీ వంటింట్లోకి వెళ్ళాక ఆయన మెల్లగా అడిగారు.

"మీ నాన్నగారికి చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పు."

తిట్టలేదు. ఆదివారం మెట్ల మీద లెక్క తప్పు చేస్తే, మళ్ళీ చెయ్యి అనేవారు. అదే గొంతు.

నాన్నకు చెప్పలేదు. ఆ రాత్రి కాదు, ఆ నెల కాదు. సమ్మె ముగిశాక మెకానిక్ వచ్చాడు. పాత స్ప్రింగులు వేయించాను, ఆ కొత్త డబ్బాలు ఎవరికిచ్చానో కూడా సరిగా గుర్తులేదు. కాలేజీ తెరిచారు. సార్ స్థానంలో వేరే ఆయన్ను పెట్టుకున్నారు. సార్ వాకర్ పట్టుకుని నడిచే రోజుకు వాళ్ళు సామాను కట్టారు. తెనాలిలో వాళ్ళ తమ్ముడి ఇంటికి. పుస్తకాల డబ్బాలన్నీ నేనే లారీలోకి ఎక్కించాను. పోయేటప్పుడు సార్ నాన్న చేతులు పట్టుకుని "మీరు చేసింది మా అన్న కూడా చెయ్యడండీ" అన్నారు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నా వైపు చూసి సార్ తలూపారు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో రంగులు చల్లుకుని ఎగిరాను, గొంతు పోయేదాకా అరిచాను. సంతోషం నిజమే. ఎగురుతూ ఎగురుతూ, 'ఇవి మా రోడ్లు' అన్న నా మాట నాకే వినిపించి, పక్కకు వచ్చి నిలబడ్డాను. ఏమైందిరా అని దోస్తులు అడిగితే కాలు బెణికిందన్నాను.

పోయిన నెల సంగతి. అదే పాత కారు, నాన్నే నడుపుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు మధ్యన మెట్రో కోసం తవ్వి, అంతా జామ్ అయితే, కొత్తపేట వెనక గల్లీలోంచి వస్తున్నాం. నేను పక్కన ఫోన్ చూసుకుంటున్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. నాన్న కారును దాదాపు ఆపి, ఏటవాలుగా పెట్టి, ఒక్కో చక్రం ఎక్కించాడు. వెనకవాడు హారన్ మోగించాడు. ఇంకోటి వచ్చింది, మళ్ళీ అంతే. వెనకవాడు ఈసారి కిటికీలోంచి తల పెట్టి అరిచాడు. "ఏం కాకా, పెండ్లి ఊరేగింపా?"

నేను తలుపు తీశాను, దిగి వాణ్ణి పట్టుకోవాలని.

"కూసో, కూసో" అన్నాడు నాన్న. "వాని తప్పేముంది? నాకే అలవాటైపోయింది. సార్‌ను తీస్కపోయినప్పటి సంది బ్రేకర్ కనిపిస్తే కాలు అదే బ్రేక్ మీద పడ్తది."

తలుపు మూశాను. వెనకవాడు పక్కనుంచి దాటిపోతూ ఏదో అన్నాడు. నాకు వినిపించలేదు.

"నాన్నా, ఆ రోజు నేను తిప్పలే."

"ఏంది తిప్పలే?"

"నాబ్. సార్‌ను దవాఖానకు తీస్కపోయిన రోజు. తిప్పిన అని చెప్పిన. తిప్పలే. ఆడ పార్కింగ్‌ల తిప్పిన, మీరు లోపలికి పోయినంక."

నాన్న కారును ఒక గోడ పక్కకు ఆపాడు. ఇంజిన్ ఆపేశాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

"రెండుసార్లు అడిగిన గదరా" అన్నాడు చివరికి. "రెండుసార్లు అడిగిన."

"అవ్ నాన్నా."

"సార్‌కు ఎరుకనా?"

"ఎరుకే. ఆ రోజే ఎరుక."

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. "ఎరుకుండే నా చేతులు పట్టుకోని మంచిగ మాట్లాడి పోయిండా!" అని, చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నా చేతిలో ఫోన్ వైపు చూపించాడు.

"నంబర్ ఉందా అండ్ల?"

ఉంది. మూడు ఫోన్లు మారాను. ప్రతిసారీ ఆ నంబర్ కొత్తదాంట్లోకి వచ్చి చేరింది. ఒక్కసారి కూడా నొక్కలేదు.

"కొట్టు."

"ఇప్పుడా?"

"కొట్టమన్న."

ఆంటీ ఎత్తింది. ఎవరండీ అంది. హైదరాబాద్ నుంచి ఆంటీ, ఎల్బీ నగర్, పై పోర్షన్, అన్నాను. ఆవిడ గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "ఓరి నువ్వా నాయనా! కారు మెత్తగా చేసిపెట్టిన అబ్బాయివి కదూ! బాగున్నావా? అమ్మా నాన్నా బాగున్నారా? ఏవండీ, ఎవరో చూడండి, మన ఎల్బీ నగర్ అబ్బాయి! ఉండు, ఆయనకిస్తా."

ఇన్నేళ్ళూ ఆయన ఆవిడకు కూడా చెప్పలేదు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నాన్న వింటున్నాడు. తల దించుకున్నాను.

"ఆఁ, చెప్పు బాబూ" అన్నారు సార్.

"సార్, నాన్నకు చెప్పిన." అంతకంటే ముందు ఎన్నో అనుకున్నాను. అదొక్కటే వచ్చింది. "ఇప్పుడే చెప్పిన సార్. పక్కనే ఉన్నడు."

"ఉండు, కూర్చోనీ" అని మాత్రం అన్నారు. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఏదో చేత్తో పట్టుకున్న చప్పుడు, ఆంటీ "నెమ్మదండీ" అనడం, ఆయన ఊపిరి బిగపట్టడం. కూర్చోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నాన్నా నేనూ ఫోన్ వైపే చూస్తూ, ఆయన కూర్చునేదాకా అలాగే ఉన్నాం.